నోటు మీది ముద్రణ తప్పు ప్రెస్సులో జరిగిందా, ఇంట్లో చేశారా? తేల్చుకునే పద్ధతి

మీరు అడిగింది ఇదీ: తెలిసిన వ్యాపారి ఒకరు నాలుగు ‘ఎర్రర్’ నోట్లు చూపించి, అన్నీ కలిపి ఇరవై వేలకు ఇస్తానంటున్నారు. మొదటిది రెండు చోట్లా నంబరు లేని కొత్త వంద. రెండోది మూలన కాగితం ముక్క అదనంగా వేలాడుతున్న కొత్త ఐదువందలు. మూడోది వెనుకవైపు గాంధీ బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి పడిన పాత పెద్ద సైజు వంద. నాలుగోది రంగు పోయి వెలవెలబోతున్న ఇరవై. ఇవి నిజంగా ప్రెస్సులో జరిగిన తప్పులేనా, కొనవచ్చా అన్నది మీ సందేహం. ఫొటోలు చూశాను. ఇరవై రూపాయల నోటును ఇప్పుడే పక్కన పెట్టేయండి, కారణం కింద చెబుతాను. మిగతా మూడింటికి కొంత ఓపిక కావాలి.

నేను చాలాకాలం ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేసినవాణ్ని. శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికల పోస్టర్లు అచ్చువేసిన చేతులు ఇవి. నోట్ల సేకరణ ఆ తరువాత అంటుకున్న వ్యసనం. అందుకే తప్పు పడిందన్న నోటు చేతికి రాగానే నాకు వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: ఇది ఏ మిషను దగ్గర చెడింది? ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని నోటును ఎంత అందంగా ఉన్నా కొనను. ధర, అరుదుదనం, ‘ఇలాంటిది ఇంకొకటి లేదు’ అన్న కబుర్లు అన్నీ దాని తరువాతే.

ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. నోటు అసలుదా అన్నది ఒకటి, దాని మీది తప్పు అసలుదా అన్నది మరొకటి. చాలామంది మొదటి ప్రశ్నకు జవాబు దొరకగానే రెండోదానికీ దొరికినట్టే అనుకుంటారు. నీటిగుర్తు ఉంది, దారం మెరుస్తోంది, కాబట్టి తప్పు కూడా నిజమే అంటారు. అమ్మేవాడికి కావలసింది సరిగ్గా అదే. దొంగ ఎర్రర్ తయారుచేసేవాడు దొంగనోటు వాడడు, వాడవలసిన అవసరమూ లేదు. బ్యాంకులో తీసుకున్న నికార్సయిన వంద నోటు మీదే తన పనితనం చూపిస్తాడు.

కాబట్టి ముందు నోటు పుట్టే వరుస తెలియాలి. మన నోట్లు నాలుగు చోట్ల అచ్చవుతాయి. నాసిక్, దేవాస్ ప్రెస్సులు కేంద్ర ప్రభుత్వ సంస్థవి. మైసూరు, పశ్చిమ బెంగాల్‌లోని సాల్బోనీ ప్రెస్సులు రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థవి. ఎక్కడైనా పని నడిచే తీరు ఒకటే. నీటిగుర్తు, భద్రతా దారం కాగితపు మిల్లులోనే కాగితంలో కలిసిపోయి వస్తాయి. అలా వచ్చిన పెద్ద షీటు మీద మొదట ఆఫ్‌సెట్ మిషను లేత రంగుల నేపథ్యాన్ని రెండు వైపులా ఒకేసారి వేస్తుంది. వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు ముందువైపు గీతలు, వెనుకవైపు గీతలు కలిసి అంకెగా కనిపించడం ఆ ఒకేసారి పడిన ముద్రణ వల్లే సాధ్యం. తరువాత ఇంటాగ్లియో. చెక్కిన ప్లేటు గాళ్లలో చిక్కటి ఇంకు నింపి, విపరీతమైన ఒత్తిడితో కాగితాన్ని దాని మీద అదుముతారు. కాగితం ఆ గాళ్లలోకి దిగి ఇంకును పైకి తెచ్చుకుంటుంది. వంద, ఆపై నోట్ల మీద గాంధీ బొమ్మ, అశోక స్తంభం వేలికి గరుకుగా తగిలేది అందుకే. కొత్త వరుస పది, ఇరవై, యాభైలలో ఆ గరుకు కోసం వెతికి కంగారు పడకండి. ఇంటాగ్లియో ఆరిన తరువాత నంబర్లు పడతాయి. ఆఖరున కటింగ్, కట్టలు కట్టడం.

ఏదో ఒక దశలో తప్పు జరిగితే, దానికి ముందు దశలన్నీ సక్రమంగా ఉండాలి. తరువాతి దశలు ఆ తప్పు మీదుగానే నడిచిపోయి ఉండాలి. ఇంట్లో తప్పు చేసేవాడి ఇబ్బంది ఇక్కడే ఉంది. అన్ని దశలూ పూర్తయిన నోటు మీద అతను చేయి పెడతాడు. స్లాబు వేశాక పునాది తవ్వే పని అది, ఎక్కడో ఒకచోట బీట కనబడి తీరుతుంది.

ఇక మీ వంద నోటు. నంబర్లు వేసేది లెటర్‌ప్రెస్ పద్ధతిలో. లోహపు అంకెలున్న చక్రాలు ఇంకు పూసుకొని కాగితాన్ని నేరుగా గుద్దుతాయి. పాత రోజుల్లో రసీదు పుస్తకాలకు నంబర్లు కొట్టిన ప్రతి ప్రెస్సువాడికీ ఈ గుద్దు తెలుసు. ఆ దెబ్బకు అంకె అంచులు కాగితంలోకి కొద్దిగా దిగుతాయి. గది చీకటి చేసి, నోటును బల్లపరుపుగా పెట్టి, టార్చిని బల్ల ఎత్తులోనే పక్కనుంచి వేసి చూడండి. నంబరు వెనుకభాగంలో, అంటే రెండో వైపు, అంకెల ఆకారం సన్నటి నీడలా లేచి కనిపిస్తుంది. కొత్త నోట్లలో స్పష్టంగా, వాడిన నోట్లలో మసకగా ఉంటుంది. మీ చేతిలో నంబరున్న మామూలు వంద ఒకటి పక్కనే పెట్టుకొని పోల్చితే కన్ను త్వరగా అలవాటు పడుతుంది.

నంబరింగ్ మిషనులోకి వెళ్లకుండానే షీటు తప్పించుకుపోయి ఉంటే ఆ గుర్తు అస్సలు ఉండదు, రెండు నంబర్లూ ఉండవు, కాగితం నునుపు చెదరదు. ఇంకు మాత్రమే అందక అంకెలు పడకపోతే గుద్దిన గుర్తు ఉంటుంది కానీ పైపొర చెక్కుచెదరదు. ఎవరైనా రసాయనంతోనో రబ్బరుతోనో చెరిపి ఉంటే గుర్తూ ఉంటుంది, దాని మీద కాగితం పోగులూ లేచి ఉంటాయి. ఈ రెండో, మూడో సందర్భాల తేడాను పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో పట్టుకోవచ్చు. చెరిపిన చోట కాగితం నూగుగా, చుట్టూ ఉన్నదానికంటే తెల్లగా ఉంటుంది. అక్కడి నేపథ్యపు సన్నగీతలు తెగిపోయి ఉంటాయి. నంబరు కింద ఆఫ్‌సెట్ గీతలు ఉంటాయని చెరిపేవాడికి తెలిసినా, వాటిని వదిలి నంబరును మాత్రం తీయడం అయ్యే పని కాదు.

దీని మీద మరొక పరీక్ష అతినీలలోహిత టార్చి. నంబర్లు వేసే ఇంకు ఆ కాంతిలో మెరుస్తుంది. కంటికి పూర్తిగా పోయిందనిపించిన నంబరు కూడా ఆ వెలుగులో ఒక్కోసారి పలచగా, ముక్కలు ముక్కలుగా బయటపడుతుంది. బజారులో చవకగా దొరికే ఊదా రంగు టార్చిలు 395 నానోమీటర్లవి. వాటి వెలుగే కంటికి ఎక్కువ కనిపించి అసలు మెరుపును మింగేస్తుంది. 365 నానోమీటర్లది కొనండి, ఒక దొంగ ఎర్రర్‌కు పెట్టే డబ్బులో చిన్న భాగానికే వస్తుంది. దాని వెలుగును కంట్లోకి మాత్రం వేసుకోకండి.

మీ ఫొటోలో కుడివైపు కింది నంబరు ఉండవలసిన చోట కోడిగుడ్డు ఆకారంలో కాగితం కొద్దిగా పాలిపోయినట్టు నాకు అనిపించింది. ఫొటో వెలుతురు వల్ల కావచ్చు. కానీ నంబరు తప్పిపోయిన షీటులో పాలిపోవడానికి కారణమే ఉండదు. ఆ నోటును పక్కనుంచి టార్చి వేసి చూడకుండా పైసా ఇవ్వవద్దు.

నంబర్ల దగ్గరే ఉన్నాం కాబట్టి ఒక మాట. ఒకే నోటు మీద రెండు నంబర్లు వేర్వేరుగా ఉండడం కూడా నిజమైన తప్పుల్లో ఒకటి. ఎడమ, కుడి నంబర్లను వేర్వేరు నంబరింగ్ పెట్టెలు వేస్తాయి, వాటిలో ఒక చక్రం తిరగకుండా ఇరుక్కుపోవచ్చు. అలా జరిగితే తేడా సాధారణంగా ఒక అంకెలోనే ఉంటుంది, లేదా ఆ అంకె రెండు అంకెల మధ్య సగంలో ఆగి ఉంటుంది. దొంగపని చేసేవాడు 3ను 8గా, 1ని 4గా దిద్దుతాడు. దిద్దిన గీత భూతద్దంలో వేరే నిగనిగతో కనిపిస్తుంది, అతినీలలోహిత టార్చి వెలుగులో నల్లగా మిగిలిపోతుంది. ఇంకో సూక్ష్మం: 2015 నుంచి వచ్చిన నోట్లలో అంకెల సైజు ఎడమ నుంచి కుడికి పెరుగుతూ పోతుంది. పక్క నోటు నుంచి అంకె తెచ్చి అతికించినవాడు ఈ కొలతల దగ్గర దొరికిపోతాడు.

రెండోది, ముక్క వేలాడుతున్న ఐదువందలు. నా మనసు పడింది దీని మీదే. ఇలాంటివి ఇలా పుడతాయి: షీటు మూల ఎక్కడో ముడుచుకుంటుంది, ఆ మడతతోనే కటింగ్ బ్లేడు కిందికి వెళుతుంది, మడత లోపల దాక్కున్న భాగం తెగకుండా బతికిపోతుంది. తరువాత ఎవరో మడత విప్పితే నోటుకు చెవి మొలిచినట్టు అదనపు కాగితం బయటికి వస్తుంది. దీన్ని పరీక్షించడం సులువు, కానీ నోటు చేతిలో ఉండాలి. పాత మడత గీత వెంబడే ఆ చెవిని మెల్లగా వెనక్కి మడవండి. మడిచాక నోటు పూర్తి చతురస్రపు మూలతో, తిన్నని అంచుతో కనబడాలి. కొత్త ఐదువందల కొలత 66 మిల్లీమీటర్లు ఎత్తు, 150 మిల్లీమీటర్లు పొడవు. మడిచిన స్థితిలో స్కేలు పెడితే అంతే రావాలి. విప్పితే చెవి అంచు మూలగా, వాలుగా కనిపిస్తుంది, ఆ వాలు మడతకు సరిగ్గా జోడు కావాలి. మడిచినప్పుడు అంచు ఒక్క మిల్లీమీటరు ఎగుడుదిగుడుగా ఉన్నా అది బ్లేడు కోసిన కోత కాదు, కత్తెర పని.

ఆ మడత ఎప్పుడు పడిందో కూడా నోటే చెబుతుంది. ఆఫ్‌సెట్‌కు ముందే పడి ఉంటే చెవి లోపలి భాగం తెల్లగా మిగిలి, ముందువైపు పడవలసిన బొమ్మ కొంత చెవి వెనుక అచ్చయి ఉంటుంది. ఇంటాగ్లియో తరువాత, కటింగ్‌కు ముందు పడి ఉంటే రంగులన్నీ సక్రమంగా ఉండి కోత మాత్రమే వంకరపోతుంది. చెవి మీద పక్క నోటు భాగం ఉంటే దాన్ని ఇంకా జాగ్రత్తగా చూడండి. కొందరు ఇక్కడే దొరికిపోతారు. వరుస నంబర్లు ఒకే షీటులో పక్కపక్కన ఉండవు. ఒక షీటు మీద ఒక షీటు పేర్చి కోసినప్పుడు ఒకే స్థానంలో ఉన్న నోట్లు కలిసి కట్ట కావాలి కాబట్టి, ఈ నోటు తరువాతి నంబరు కింది షీటులో అదే చోట ఉంటుంది. చెవి మీద కనిపించే పక్క నోటు నంబరు మీ నోటుకు సరిగ్గా ముందుదో తరువాతిదో అయితే అది వరుస నోట్ల కట్టలోంచి ముక్క కోసి అతికించినదే. అతుకు దగ్గర జిగురు అతినీలలోహిత టార్చి వెలుగులో చాలాసార్లు నీలంగా మెరుస్తుంది. మెరవకపోయినా, వెలుతురుకు ఎత్తితే అక్కడ కాగితం రెండు పొరల మందంతో నల్లగా కనబడుతుంది.

మడత లేకుండా కోతే పక్కకు జరిగిన నోట్ల సంగతి ఇంకా తేలిక. బ్లేడు జరిగితే ఒకవైపు పోయినంత రెండోవైపు రావాలి. ఎడమ అంచు తగ్గి కుడివైపు మామూలుగా ఉంటే, మొత్తం పొడవూ తగ్గితే, ఎవరో ఇంట్లో కూర్చొని కత్తిరించారు. కొలతలు గుర్తుంచుకోండి: కొత్త వంద 66 బై 142, రెండు వందలు 66 బై 146. పాత పెద్ద వంద 73 బై 157.

ఆ పాత వంద దగ్గరికే వద్దాం. వెనుకవైపు గాంధీ బొమ్మ తిరగబడి కనిపించడానికి మూడు కారణాలుంటాయి, వాటి విలువలో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది. ఒకటి అసలు తప్పే కాదు. ఇంటాగ్లియో ఒత్తిడికి బొమ్మ ఆకారం వెనుకకు ఉబ్బి, నూనె గుణమున్న ఇంకు కాగితంలోకి ఇంకి, వాడగా వాడగా వెనుకనుంచి మసకగా తెలియడం. అలాంటివి నా సంచిలోనే ఎన్నో ఉంటాయి. రెండోది ఇంకు ఆరకముందే షీట్లు ఒకదాని మీద ఒకటి పడి అంటుకున్న మరక. ఇది నిజంగా ప్రెస్సులో జరిగేదే కానీ సర్వసాధారణం, చెప్పుకోదగ్గ ధర రాదు. అందులో బొమ్మ పూర్తిగా ఉండదు, ఇంకు మందంగా ఉన్న చోట్ల మాత్రమే మచ్చలుగా అంటుకుంటుంది.

మూడోది అసలు సిసలైనది. మిషనులోకి ఒక షీటు రాకుండా తప్పినప్పుడు ప్లేటు మీది ఇంకు అవతలి సిలిండరుకు అంటుతుంది. వెంటనే వచ్చిన షీటుకు ముందువైపు మామూలుగా అచ్చు పడుతుంది, వెనుకవైపు ఆ సిలిండరు మీది బొమ్మ తిరగబడి పడుతుంది. ఇలాంటి నోటులో వెనుక బొమ్మ మొత్తంగా, పదునుగా ఉంటుంది. ముఖ్యంగా వెలుతురుకు ఎత్తితే ముందువైపు బొమ్మ మీద వెనుక బొమ్మ దాదాపు గీతకు గీత కూర్చొంటుంది, ఎందుకంటే రెండూ ఒకే ప్లేటు పిల్లలు. తరువాతి షీట్లలో క్రమంగా పలచబడుతుంది, కాబట్టి పలచగా ఉన్నంత మాత్రాన తోసిపుచ్చవద్దు. బొమ్మ తిరగబడకుండా ముందువైపులాగే నేరుగా కనిపిస్తే మాత్రం ఆగండి. సిలిండరు నుంచి వచ్చిన బొమ్మ నేరుగా ఉండే అవకాశం లేదు. అలాంటిది భూతద్దం కింద చుక్కలు చుక్కలుగా విడిపోతే కంప్యూటర్ ప్రింటర్ చేసిన పని. అసలు ముద్రణలో గీతలు గీతలుగానే ఉంటాయి.

మీ నోటు ఫొటోలో బొమ్మ తిరగబడే ఉంది, కానీ కళ్లద్దాలు, చెవి, పెదవుల దగ్గర మాత్రమే ముదురుగా ఉంది. నాకది రెండో రకం అనిపిస్తోంది. నిజమైన తప్పే, ఐదువేల తప్పు కాదు.

గాంధీ బొమ్మ అసలే లేని నోట్ల గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను. 2017 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని శ్యోపుర్ జిల్లాలో రైతులకు బ్యాంకులో ఇచ్చిన కొత్త రెండువేల నోట్ల మీద గాంధీ బొమ్మ లేదు. అవి అసలు నోట్లే, అచ్చు తప్పినవని బ్యాంకు వెనక్కి తీసుకుంది. అంతకు కొద్దివారాల ముందు, 2016 నవంబరులో, కొత్త ఐదువందల నోట్లు ఒకదానికొకటి పోలికలేకుండా వస్తున్నాయని గొడవైనప్పుడు, హడావుడిలో అచ్చు లోపమున్నవి బయటికి వచ్చి ఉండవచ్చనీ, అవి చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు తరఫున చెప్పారు. అలాంటి రోజుల్లో అచ్చయిన నోట్లలో తప్పులు ఎక్కువ దొరకడం సహజం. ఇప్పుడు ఆ కథనే అడ్డుపెట్టుకొని బొమ్మ గీకేసిన నోట్లు అమ్ముతున్నారు. ఇంటాగ్లియో దశనే తప్పించుకున్న నోటులో బొమ్మ ఒక్కటే కాదు, ఆ ప్లేటు వేసేవన్నీ ఉండకూడదు, అయినా నంబర్లు మాత్రం ఉండాలి. కాగితం అక్కడ చదునుగా ఉండాలి. ప్లేటుకూ షీటుకూ మధ్య ఏదో కాగితం ముక్క అడ్డుపడి బొమ్మ మేరకే పోయి ఉంటే, పోయిన భాగానికి ఆ ముక్క అంచుల్లాంటి స్పష్టమైన గీటు ఉంటుంది, గాంధీ భుజాల వంపు వెంబడి నీటుగా పోదు. బొమ్మ చుట్టుకొలత ప్రకారమే మాయమైందంటే దాన్ని మాయం చేసింది మనిషి చేయి.

దారం లేని నోట్లు కూడా అంతే. 2016 మొదట్లో దారం లేని వెయ్యి రూపాయల నోట్లు బయటపడి పత్రికలకెక్కాయి. ఆ కథ నిజమే. దారం లాగేసిన నోట్లూ నిజమే. దారం కాగితం పొరల మధ్య నుంచి వెళుతుంది, లాగితే దాని సొరంగం మిగులుతుంది. వెలుతురుకు ఎత్తితే ఆ గీత పలచగా, తిన్నగా కనిపిస్తుంది, దారం పైకి తేలిన కిటికీల దగ్గర కాగితం చిరిగి ఉంటుంది. అన్నట్టు రద్దయిన వెయ్యి, పాత ఐదువందల నోట్లు కొనేముందు 2017 నాటి చట్టం గుర్తుంచుకోండి. మామూలుగా పదికి మించి దగ్గర ఉంచుకోకూడదు. అధ్యయనం కోసమో సేకరణ కోసమో అయితే ఇరవై ఐదు దాకా ఉంచుకోవచ్చు.

ఇరవై నోటుకు వచ్చాను. రంగు పోయిన నోట్లంత చవకబారు మోసం ఇంకొకటి లేదు. బ్లీచింగ్ నీళ్లు, నిమ్మరసం, ఎండ, మరుగుదొడ్డి ఆమ్లం, ఏదో ఒకటి చాలు. మిషనులో ఒక రంగు ఇంకు అయిపోతే ఆ ఒక్క రంగు మాత్రమే పోతుంది, మిగతావి తమ బలంతోనే ఉంటాయి. నంబర్లు వేరే మిషనువి కాబట్టి వాటికి ఏమీ కాదు. మీ ఇరవైలో నేపథ్యం, నంబరు, వెనుక భాషల పట్టీ అన్నీ ఒకేలా పాలిపోయాయి. మూడు వేర్వేరు ఇంకులు ఒకేసారి అయిపోవడం ఏ ప్రెస్సులోనూ జరగదు. జేబులో మరిచిపోయి ఉతికిన నోటు కూడా ఇలాగే అవుతుంది. నోటు కాగితం అతినీలలోహిత కాంతిలో మామూలుగా మందకొడిగా, నల్లగా ఉంటుంది. బట్టల సబ్బు పొడిలో తెల్లదనం కోసం కలిపే పదార్థం పట్టుకుంటే నోటంతా నీలితెలుపుగా వెలిగిపోతుంది. టార్చి ఉంటే వేసి చూడండి.

తప్పులు కాని తప్పులు కూడా డబ్బు చేసుకుంటున్నాయి. వెనుక సంవత్సరం లేదని అమ్ముతారు. గాంధీ బొమ్మ ఉన్న నోట్ల వరుసలో సంవత్సరం వేయడం 2005లోనే మొదలైంది, అంతకు ముందువాటికి ఉండదు. నంబరు మధ్య నక్షత్రం పడిందని అమ్ముతారు. పాడైన నోటు స్థానంలో పెట్టే నోటుకు ఆ గుర్తు 2006 నుంచి ఉంది, అవి చెల్లుతాయని 2023 జులైలో రిజర్వు బ్యాంకు మళ్లీ చెప్పవలసి వచ్చింది. రూపాయి నోటు మీద రిజర్వు బ్యాంకు పేరు లేదని అమ్ముతారు. దాన్ని విడుదల చేసేది భారత ప్రభుత్వం, సంతకం ఆర్థిక శాఖ కార్యదర్శిది. రెండువేల నోటు వచ్చిన కొత్తలో వెనుక ‘దోన్’ అని హిందీ తప్పుగా పడిందని దేశమంతా నవ్వింది. అది పదిహేను భాషల పట్టీలోని కొంకణి. అదే పట్టీలో తెలుగు కింది నుంచి రెండో వరుసలో, ఉర్దూకు సరిగ్గా పైన ఉంటుంది. మన అక్షరాలు మనకు తెలుసు కాబట్టి ముద్రణ పదును చూడడానికి నేను తరచూ అక్కడే భూతద్దం పెడతాను. గుడి, కొమ్ము పూడిపోయాయంటే నోటు మీదే అనుమానం రావాలి.

ఇలాంటివాటిలో నాకు ఇష్టమైనది మన హైదరాబాదుది. నిజాం ప్రభుత్వపు ఉస్మానియా నోట్లు కొన్ని సంతకం లేకుండా, మరకలతో కనిపిస్తాయి. తెలియనివారు ముద్రణ తప్పు అంటారు. నోట్లు లండన్‌లో వాటర్‌లో కంపెనీ దగ్గర అచ్చయి ఓడల్లో వచ్చేవి. 1922 మే 20న ‘ఈజిప్ట్’ అనే ఓడ ఫ్రాన్స్ తీరం దగ్గర పొగమంచులో మరో ఓడ గుద్దుకొని మునిగిపోయింది. దానిలోని బంగారం కోసం ఇటలీ మునకగాళ్లు ఏళ్ల తరబడి వెతికి 1932లో పైకి తీయడం మొదలుపెట్టారు, దానితోపాటు నిజాం నోట్లూ వచ్చాయి. సంతకాలు పడకముందే మునిగినవి కాబట్టి సంతకాలు లేవు. సంతకం లేకపోవడానికి అక్కడ మిషను కారణం కాదు, అయినా వాటికి తగిన కథా, విలువా రెండూ ఉన్నాయి. కానీ ‘ఎర్రర్’ అని చెప్పి అమ్మేవాడికి ఆ నోటు గురించి ఏమీ తెలియదని అర్థం.

ధర విషయంలో నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. ఎర్రర్ నోట్లకు స్థిరమైన రేటు లేదు. యూట్యూబులో చెప్పే లక్షలు ఎవరూ ఇచ్చినవి కావు. పాత నోట్లు కొంటామని తన పేరు వాడుకొని కమీషన్లు గుంజుతున్నవారి గురించి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరిక జారీ చేసింది. ముందు ‘రిజిస్ట్రేషన్ రుసుము’ అడిగినవాడితో మాట్లాడడమే ఆపేయండి. నోట్లను పరీక్షించి ధ్రువీకరించే గ్రేడింగ్ సంస్థ ముద్రతో, ప్లాస్టిక్ కవరులో వచ్చిన నోటు కొంత నయం, కానీ కవరు మీది ధ్రువీకరణ నంబరును ఆ సంస్థ సైటులో కొట్టి, అక్కడి ఫొటోతో నోటు నంబరు, మడతలు పోల్చి చూడాలి. కవర్లు కూడా నకిలీవి ఉన్నాయి.

ఇంకొక నష్టం ఎవరూ చెప్పరు. ప్రెస్సులో తప్పు పడిన అసలు నోటు చెల్లుతుంది, ఏమీ కాకపోయినా దాని ముఖవిలువ ఎక్కడికీ పోదు. కావాలని కోసిన, మార్చిన నోటుకు మాత్రం బ్యాంకు డబ్బు నిరాకరించవచ్చు, నోట్ల వాపసు నియమాల్లో ఆ మాట ఉంది. ఇక పరీక్షలో నోటే దొంగదని తేలితే, మళ్లీ ఎవరికైనా అంటగట్టాలని చూడకండి. తెలిసి చలామణి చేస్తే భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షను, తెలిసి, చలామణి చేసే ఉద్దేశంతో దగ్గర ఉంచుకుంటే 180వ సెక్షను. బ్యాంకులో ఇస్తే ముద్ర వేసి ఉంచుకొని రసీదు ఇస్తారు.

కొనడం విషయానికొస్తే, ఇరవై వద్దు. నంబరు లేని వంద పక్కవెలుతురు పరీక్షలో నెగ్గితేనే చూడండి. తిరగబడిన వంద ముచ్చటపడితే కొద్దిపాటి సొమ్ముకు తీసుకోవచ్చు. ఐదువందల నోటు మాత్రం విడిగా బేరం ఆడండి, నాలుగూ కలిపి అంటగట్టడం ఆ వ్యాపారి తెలివి. ఆయన ముందే చెవిని పాత మడత వెంబడి మడవమనండి, స్కేలు పక్కన పెట్టి రెండు వైపులా ఫొటో తీయండి, చెవి మీద పక్క నోటు నంబరు ఏమైనా కనిపిస్తే దాన్ని దగ్గరగా ఇంకొకటి తీయండి. మడవడానికి ఆయన ఒప్పుకోకపోతే ఆ నోటూ వద్దు. ఒప్పుకుంటే ఆ మూడు ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.